నీడ మొక్కకి పువ్వు రావాలంటే ఎంత ఎండ కావాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీడలో పెరిగే పూలమొక్కల గురించే. అందులో ఒకదానికి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ ఇబ్బంది చాలామందిది. మిగతావాటికి కావలసినంత మేరకే జవాబులు.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. కొన్నప్పుడు మా పీస్ లిల్లీకి ఐదారు తెల్లపూలు ఉన్నాయి. 'నీడ మొక్క అమ్మా, ఎండ తగలనివ్వకండి' అని నర్సరీలో చెప్పారు. అందుకని హాల్లో సోఫా పక్కన మూలలో పెట్టాను. ఆకులు ముదురుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి, కొత్తవి కూడా వస్తున్నాయి. కానీ ఏడాది దాటినా ఒక్క మొగ్గ లేదు. వెలుతురు చాలడం లేదేమోనని మధ్యాహ్నం పూట బాల్కనీలో పెడితే రెండు రోజులకే రెండు ఆకులు కాలిపోయాయి. భయపడి మళ్లీ లోపలికి తెచ్చేశాను. ఎండలో పెడితే కాలుతోంది, నీడలో పెడితే పూయడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండి, మీ మొక్క ఆరోగ్యంగానే ఉంది. అంత వెలుతురు తక్కువ చోట ఉండి కూడా కొత్త ఆకులు వేస్తోందంటే వేళ్లు బాగున్నాయన్నమాట. కాలిన ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడవు. సగానికి పైగా ఎండిపోయిన ఆకుని కాడ మొదట్లో కత్తిరించేయండి. చిన్న మచ్చే అయితే ఉంచండి, మిగిలిన పచ్చభాగం మొక్కకి ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది.

కత్తిరించే ముందు ఆ ఆకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి ఒకసారి పరిశీలనగా చూడండి. ఎండదెబ్బ తగిలిన మచ్చ ఆకు నడుమ, సూర్యుడికి ఎదురుగా ఉన్న చోట పడుతుంది. ముందు అక్కడ రంగు వెలుస్తుంది, తర్వాత లేత గోధుమరంగుకి తిరుగుతుంది, ముట్టుకుంటే కాగితంలా గలగలమంటుంది. పై ఆకు అడ్డుపడిన చోట కింది ఆకు పచ్చగానే మిగిలి, రెంటి మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది. ఆకు కొసలు మాత్రమే ఎండితే కారణం ఎండ కాదు. నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్నా, ఎరువు ఎక్కువేసినా, గాలి మరీ పొడిగా ఉన్నా కొసలు ఎండుతాయి. అడుగు ఆకులు వరసగా పసుపురంగుకి తిరిగి మెత్తబడుతుంటే ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి. ఈ తేడాలు తెలియకపోతే ప్రతి మచ్చకీ కుండీ జాగా మార్చడం మొదలుపెడతాం, మొక్కకి అదొక కొత్త కష్టం.

ఇక అసలు విషయం. పీస్ లిల్లీల్లో చాలా రకాలకు పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల్లోని ఉష్ణమండల అడవులు. అక్కడ పెద్ద చెట్ల కింద, వాగుల పక్కన తడినేలలో పెరుగుతాయి. పైన కొమ్మలు కమ్ముకుని ఉన్నా ఆకుల సందుల్లోంచి ఎండపొడలు దిగుతూనే ఉంటాయి. ఒక ఆకు మీద కాసేపు నిలిచి పక్కకి జరిగిపోతాయి. మిగతా సమయమంతా చల్లటి వెలుతురు. వీటి ఆకులు ఆ బతుక్కి తగ్గట్టే వెడల్పుగా, పల్చగా ఉంటాయి. కొద్దిపాటి వెలుతురుని కూడా వదలకుండా పట్టుకుంటాయి. అయితే ఒక హద్దు దాటాక వచ్చిపడే వెలుతురుని అవి వాడుకోలేవు. అలా మిగిలిపోయిన శక్తి ఆకులోని పత్రహరితాన్నే దెబ్బతీస్తుంది. పైగా వెడల్పాటి ఆకు నేరుగా పడే ఎండలో త్వరగా వేడెక్కుతుంది. మీ బాల్కనీలో జరిగింది ఇదే. అంతకాలం మూలలో ఉన్న మొక్కని ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలోకి తేవడంతో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు వేసిన ఆకులు కాబట్టి ఎండకి అలవాటు పడే వ్యవధి వాటికి దొరకలేదు.

మరి మూలలో ఎందుకు పూయలేదు? ఇక్కడ మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, పెరిగితే చిన్నదవుతుంది. అందుకే హాల్లో ఏ మూల కూర్చున్నా చదువుకోగలుగుతాం, 'ఇక్కడ వెలుతురు బాగానే ఉంది' అనుకుంటాం. మొక్కకి ఆ సర్దుబాటు లేదు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. మబ్బు లేని రోజు మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. ఆరుబయటే నీడపట్టున 10,000 లక్స్, అంతకు మించి కూడా ఉండొచ్చు. ఇంట్లో కిటికీ పక్కన కొన్ని వేలు. సోఫా పక్క మూలకి వచ్చేసరికి 100, 200 లక్స్ ఉంటే గొప్ప. మనకి కాస్త మసకగా అనిపించే ఆ తేడా మొక్కకి పది రెట్లు, ఇరవై రెట్ల తేడా.

అంత తక్కువ వెలుతురులో పీస్ లిల్లీ బతుకుతుంది, అది దాని ఓర్పు. కానీ ఆకులు తయారుచేసే ఆహారం ఆకుల్ని, వేళ్లని నిలబెట్టుకోవడానికే సరిపోతుంది. పువ్వు వేయడానికి పైన మిగులు ఉండాలి. కాడలు పొడుగ్గా సాగి, ఆకులు మరీ ముదురాకుపచ్చగా మారి, మొక్క మొత్తం కిటికీ వైపుకి ఒరిగిందంటే వెలుతురు కోసం వెతుక్కుంటోందని తెలుసుకోండి. మీరు 'ముదురుగా, నిగనిగలాడుతూ' అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మంచి వెలుతురులో ఉన్న పీస్ లిల్లీ ఆకు అంతకంటే ఒక పిసరు లేతగా ఉంటుంది. చూడటానికి కాస్త తక్కువ అందంగా అనిపించినా, పూసేది ఆ మొక్కే.

నర్సరీలో అన్ని పూలు ఎలా ఉన్నాయన్న సందేహం కూడా మీకు రావచ్చు. అక్కడ మొక్కల్ని షేడ్‌నెట్ కింద పెంచుతారు. ఆ వెలుతురు మీ హాలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి తోడు, అమ్మకానికి పంపే ముందు పూలు ఒకేసారి రావడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్ పిచికారీ చేయడం పీస్ లిల్లీ పెంపకందారుల్లో మామూలే. దాంతో లేత మొక్క కూడా పూసేస్తుంది. ఆ ప్రభావం తగ్గాక మొక్క తన సొంత వేగంతో పూయాలి, దానికి సమయం పడుతుంది. కాబట్టి మొదటి ఏడాది పూయకపోవడం పూర్తిగా మీ పెంపకం లోపం అనుకోకండి. 'నీడ మొక్క' అని ఒక్క ముక్క చెప్పి పంపేసే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. కొనేటప్పుడే ఆ మొక్కని ఎక్కడ నిలబెట్టారో, అక్కడ పైన ఏం కప్పారో ఒక్క నిమిషం తలెత్తి చూడండి. దుకాణంలో చెప్పే మాట కంటే ఆ చూపు మీకు ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు చోటు వెతుకుదాం. మీకు తూర్పు కిటికీ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. పొద్దున్నే వచ్చే నీరెండ గంటా గంటన్నర నేరుగా తగిలినా పీస్ లిల్లీకి ఇబ్బంది ఉండదు. అప్పటికి గాలి చల్లగా, తేమగా ఉంటుంది. సాయంత్రపు ఎండ అంతే ఏటవాలుగా పడినా, రోజంతా కాగిన గాలి, గోడలు దానికి తోడవుతాయి. అందుకే పడమటి కిటికీలో పెట్టక తప్పకపోతే పల్చటి తెల్ల కర్టెన్ వేయాల్సిందే. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉండేవాళ్లకి ఉత్తరపు కిటికీలో ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు. అక్కడైతే కుండీని కిటికీకి బాగా దగ్గరగా జరపొచ్చు. దక్షిణపు కిటికీ సంగతి వేరు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఎండ గదిలోకి చాలా లోపలిదాకా వస్తుంది. ఎండాకాలంలో నడినెత్తికి చేరాక అదే కిటికీలోకి ఎండ రావడం బాగా తగ్గిపోతుంది. ఒకసారి కుదిరిన చోటు ఏడాది పొడవునా కుదురుతుందనుకోకుండా, కాలం మారినప్పుడల్లా మళ్లీ చూసుకోండి.

ఏ కిటికీ అయినా దూరమే అసలు కీలకం. గాజుకి ఆనుకుని కాకుండా, మీటరు దూరం దాటకుండా పెట్టండి. కిటికీ నుంచి వెనక్కి వెళ్లేకొద్దీ మనం ఊహించని వేగంతో వెలుతురు పడిపోతుంది.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో, కరెంటు దీపాలు ఆర్పేసి, కుండీ పెట్టాలనుకున్న చోట ఒక తెల్లకాగితం పరచండి. దానికి ఒక అడుగు ఎత్తున అరచెయ్యి చాచండి. నీడ నల్లగా, వేళ్ల అంచులు కోసినట్టు పడితే ఆ చోటు పీస్ లిల్లీకి ఎక్కువ. నీడ ఉందో లేదో వెతుక్కోవాల్సి వస్తే ఆకులు బతుకుతాయి, పువ్వు రాదు. అంచులు మసకబారి ఉన్నా, అది చెయ్యి అని, ఇవి వేళ్లు అని పోల్చుకోగలిగితే కుండీని అక్కడ దించండి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి. అవి చూపే అంకెలు కచ్చితంగా ఉండవు, కానీ రెండు చోట్లని పోల్చడానికి బాగా పనికొస్తాయి. సోఫా పక్కన ఒకసారి, కిటికీ పక్కన ఒకసారి ఫోన్ పెట్టి చూడండి. ఆ తేడా చూశాక మీ మొక్క ఎందుకు పూయలేదో నేను చెప్పాల్సిన పని ఉండదు.

అయితే ఈ రోజే తీసుకెళ్లి కిటికీలో పెట్టేయకండి. ఇప్పటికే ఒకసారి దెబ్బతింది. మొదట మూలకీ కిటికీకీ మధ్యలో నాలుగైదు రోజులు ఉంచండి. తర్వాత ఇంకొంచెం ముందుకి. రెండు వారాల్లో దాని చోటుకి చేరిస్తే చాలు. ఈలోగా తడిగుడ్డతో ఆకుల రెండు వైపులా తుడవండి. దుమ్ము పట్టిన ఆకుకి అందే వెలుతురు తగ్గుతుంది. చోటు కుదిరాక వారానికోసారి కుండీని కాస్త తిప్పుతూ ఉంటే ఒకవైపుకే ఒరగకుండా పెరుగుతుంది.

నీళ్ల లెక్క కూడా మారుతుంది. ఎక్కువ వెలుతురులో మొక్క ఎక్కువ తాగుతుంది, కాబట్టి మూలలో ఉన్నప్పటి అలవాటు ప్రకారం పోస్తే చాలకపోవచ్చు. వేలిని రెండో గణుపు దాకా మట్టిలో దింపి చూసి, పైభాగం ఆరితేనే పోయండి. ఒక్క విషయంలో జాగ్రత్త. మట్టి తడిగా ఉండి కూడా పగటిపూట ఆకులు వాలిపోతుంటే దాహం అనుకుని మళ్లీ పోయకండి. ఎండ తగిలి ఆకులు వదిలేసే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేకపోతుండవచ్చు. కుండీని వెనక్కి జరపండి, సాయంత్రానికి లేచి నిలబడుతుంది. నీడకి చేర్చినా లేవకపోతే వేళ్లు కుళ్లాయేమో చూడాలి. ఎరువు విషయంలో తొందర వద్దు. వెలుతురు సరిచేయకుండా నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఆకులే వస్తాయి.

ఆ తర్వాత కొన్ని నెలలు ఓపిక పట్టండి. మొగ్గ ఎక్కడ వస్తుందో తెలిస్తే ఎదురుచూడటం కూడా బాగుంటుంది. పీస్ లిల్లీ ఆకుకాడ అడుగున రెండు అంచులు ఒరలాగా విచ్చుకుని ఉంటాయి. ఆ ఒర కాస్త ఉబ్బితే అక్కడ కన్నేసి ఉంచండి. కొత్త ఆకైతే సన్నగా, బిగుతుగా చుట్టుకుని వస్తుంది. మొగ్గ దానికంటే లేతరంగులో, నడుమ కొంచెం బొద్దుగా ఉంటుంది. విచ్చుకున్నాక తెల్లగా కనిపించేది నిజానికి రూపం మారిన ఆకు. అసలు పూలు మధ్యలో ఉన్న కంకి మీద, దగ్గర దగ్గరగా, చాలా చిన్నగా ఉంటాయి. ఆ తెలుపు కొన్ని వారాలకి ఆకుపచ్చకి తిరిగితే వెలుతురు చాలలేదని మళ్లీ కుండీ జరపకండి. వయసు మీరితే అది అలాగే మారుతుంది.

ప్రశ్న: నేను హాస్టల్లో ఉంటాను మేడమ్. గదిలో కిటికీ ఉన్నా ఎదురుగా గోడే. టేబుల్ మీద ఎల్ఈడీ దీపం కింద ఆఫ్రికన్ వయొలెట్ పెట్టాను. త్వరగా పూయాలని దీపం రాత్రింబవళ్లు వేసే ఉంచుతున్నాను. తప్పా?
– ఒక విద్యార్థిని

జవాబు: దీపం కింద పెట్టడం చాలా మంచి పని. ఆఫ్రికన్ వయొలెట్ దీపపు వెలుతురులో హాయిగా పూస్తుంది. రాత్రి కూడా వేసి ఉంచడం మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. ఈ మొక్కకి రోజుకి కనీసం 8 గంటల చీకటి కావాలి. పగలు 12 నుంచి 14 గంటలు దీపం, మిగతా సమయం చీకటి. నిద్రపోయే ముందు మీరు గది దీపంతో పాటు దాన్ని కూడా ఆర్పేస్తే లెక్క దాదాపు సరిపోతుంది. మామూలు తెల్ల ఎల్ఈడీ చాలు, ఊదారంగు దీపాలు ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

దీపానికీ ఆకులకీ మధ్య ఒక అడుగు దూరంతో మొదలుపెట్టండి, తర్వాత మొక్కని చూసి మార్చుకోండి. ఆకులు కాడలు సాగదీసుకుని దీపం వైపుకి నిక్కుతుంటే దగ్గరికి జరపాలి. మధ్యలోని లేత ఆకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుపోయి, అంచులు కిందికి వంగి, రంగు పాలిపోతే దూరం జరపాలి. సరిగ్గా ఉంటే ఆకులు గుండ్రంగా, పళ్లెం పరిచినట్టు విచ్చుకుంటాయి. ఈ మొక్క తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంజానియా కొండల్లో, చెట్లనీడన రాళ్ల సందుల్లో పెరిగేది. నూగు ఉన్న ఆకుల మీద చల్లటి నీళ్లు పడితే మచ్చలు పడతాయి, అవి ఎండ మచ్చలేమోనని పొరబడి దీపాన్ని దూరం జరిపేవాళ్లు ఉన్నారు. కుండీ కింద పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, మట్టి పీల్చుకున్నాక మిగిలినవి పారబోయండి.

ప్రశ్న: మా బాల్కనీ పడమర ముఖం. ఆంథూరియం పెట్టాలని షేడ్‌నెట్ కొనబోతున్నాం. 50 శాతం మంచిదా, 75 శాతమా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆంథూరియం కోసమైతే 75 శాతమే తీసుకోండి. ఆ అంకె వెలుతురులో ఎంత భాగాన్ని నెట్ ఆపుతుందో చెబుతుంది. 75 ఆపి 25 లోపలికి వదిలినా, ఎండ తగిలే బాల్కనీలో ఆ 25 చాలా ఎక్కువే. ఆంథూరియంలో ఎదిగిన మొక్క వేసే ప్రతి ఆకుకీ ఒక పువ్వు వచ్చే వీలుంటుంది, కాబట్టి ఆకులు చెడకుండా కాపాడితే పూలని కాపాడినట్టే. నెట్‌ని మొక్కల మీద వాలిపోయేలా కట్టకండి. రెండు మూడు అడుగుల ఎత్తున కట్టి, పక్కల నుంచి గాలి ఆడనివ్వండి. నెట్ వెలుతురుని ఆపుతుంది గానీ, ఎండకి కాగిన గోడ వదిలే వేడిని ఆపలేదు. అందుకని కుండీల్ని గోడకి జానెడు దూరం జరపండి. ఆకులు పసుపు కలిసిన లేతాకుపచ్చకి తిరిగి పూల రంగు వెలుస్తుంటే ఇంకా ఎండ ఎక్కువే. కొత్త ఆకులు వస్తున్నా పూలు ఆగిపోతే నెట్‌ని పొద్దుటిపూట పక్కకి తీసేయండి.

ప్రశ్న: మా హైడ్రేంజియా పోయినేడు నీలంగా పూసింది, కుండీ మార్చాక ఈసారి గులాబీరంగులో వచ్చింది. ఎండ ఎక్కువైందా? మధ్యాహ్నం ఆకులు కూడా వాలిపోతున్నాయి.
– ఒక గృహిణి

జవాబు: రంగు మారింది ఎండవల్ల కాదమ్మా, కొత్త మట్టివల్ల. ఆమ్లగుణం ఉన్న మట్టిలో అల్యూమినియం వేళ్లకి అందుతుంది, అప్పుడు పూలు నీలంగా వస్తాయి. క్షారగుణం ఉంటే అందదు, గులాబీరంగు వస్తుంది. వాలిపోవడం మాత్రం ఎండ సంగతే. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలి, మధ్యాహ్నానికి నీడ పడే చోటుకి మార్చండి. పూర్తి నీడలోకి తీసుకెళ్తే పూలు తగ్గిపోతాయి. కొమ్మలు కత్తిరించే ఆలోచన ఉంటే పూలు వాడిన వెంటనే చేయండి. గుండ్రటి పెద్ద గుత్తులు పూసే రకమైతే వచ్చే ఏటి మొగ్గల్ని ఈ ఏడాది కొమ్మల మీదే తయారుచేసుకుంటుంది. ఆలస్యంగా కత్తిరిస్తే ఆ మొగ్గలు కూడా పోతాయి.